మాజీ సైనికుల ఆసుపత్రిలో పొగ నిషేధం న్యాయమేనా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చాడు. అక్కడి వెటరన్స్ వ్యవహారాల శాఖ ఆసుపత్రిలో వైద్యం చేయించుకుంటున్నాడు. ఆ ఆవరణలో సిగరెట్టే కాదు, వేప్ (ఈ-సిగరెట్) కూడా నిషిద్ధమట. దేశం కోసం ప్రాణాలకు తెగించినవారికి ఆ మాత్రం స్వేచ్ఛ కూడా ఉండకూడదా అని వాడు బాధపడుతున్నాడు. మీరేమంటారు?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి బాధను నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే అమెరికా సైనికులకు ఈ అలవాటు నేర్పినదాంట్లో సైన్యానికే పెద్ద వాటా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆహారపు పొట్లాల్లోనే సిగరెట్లు పెట్టి ఇచ్చారు. ఆ పద్ధతి 1975 దాకా సాగింది. పైగా ఈ ఆసుపత్రుల్లో పొగ తాగడానికి ప్రత్యేక స్థలం చూపాలని 1992లో అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టమే చేసింది. 2019 అక్టోబరు 1 నుంచి రోగులకు, సందర్శకులకు, ఆ తరువాత ఉద్యోగులకు కూడా ఆవరణలో పొగను, వేప్‌ను నిషేధించారు.

నేను నిషేధాన్నే సమర్థిస్తాను. ప్రభుత్వం తాను అలవాటు చేసినదానికి పడిన బాకీని చికిత్సతో తీర్చాలే గాని, ఆసుపత్రి వెనక పొగరాయుళ్ల కోసం రేకుల షెడ్డు వేసి కాదు. పొగాకులో ఉండే నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది కనుక శస్త్రచికిత్స జరిగినవారికి, మధుమేహంతో కాలి పుండు పడినవారికి గాయం త్వరగా మానదు. వేప్‌లో నుంచి వచ్చేది ఉత్త నీటి ఆవిరేనని చాలామంది నమ్ముతారు గాని, అందులోనూ సాధారణంగా అదే నికోటిన్ ఉంటుంది. అదే గుమ్మం గుండా ఆక్సిజన్ సిలిండరుతో, చక్రాల కుర్చీలో వచ్చే తోటి సైనికుడి సంగతి కూడా ఆలోచించాలి; ఆక్సిజన్ దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు, మంట అంటుకోవడానికి.

అయితే మానడానికి తోడ్పడకుండా బోర్డు పెట్టి ఊరుకుంటే అది క్రూరత్వమే. ఆ శాఖ నికోటిన్ ప్యాచీలు, చూయింగ్ గమ్, వరెనిక్లిన్ వంటి మందులు, కౌన్సెలింగ్, ఫోన్ సందేశాల ద్వారా ప్రోత్సాహం అందిస్తోంది. వాటిని అడిగి తీసుకొమ్మని మీ అబ్బాయికి చెప్పండి. ఒక ముఖ్యమైన జాగ్రత్త కూడా ఉంది: సిగరెట్ పొగ వల్ల క్లోజపిన్, ఒలాంజపిన్ వంటి మానసిక వైద్యపు మందులు శరీరంలో త్వరగా కరిగిపోతాయి కాబట్టి, పొగ మానగానే రక్తంలో వాటి మోతాదు పెరుగుతుంది. అలాంటివి వాడుతున్నట్లయితే మానే ముందే డాక్టరుకు చెప్పి తీరాలి.

మన దేశంలోనూ 2003 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రుల్లో పొగ తాగరాదు. ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి 2019 చట్టం ప్రకారం నేరాలు. కనుక సెలవుల్లో ఇంటికి వచ్చేటప్పుడు వేప్ పరికరాన్ని వెంట తీసుకురావద్దని మీ అబ్బాయికి ముందే చెప్పండి.