పాలు చాలడం లేదా? పసిబిడ్డల తల్లుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నాకిది మొదటి కాన్పు. ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఇప్పుడు ఏడో వారం నడుస్తోంది. పగలంతా బాగానే ఉండే బిడ్డ సాయంత్రం ఆరు దాటిందంటే గుక్కపట్టి ఏడుస్తోంది. కాసేపు తాగి వదిలేస్తుంది, అరగంట తిరక్కుండానే మళ్లీ కావాలంటుంది. మొదటి రోజుల్లో నా రొమ్ములు గట్టిపడి సలిపేవి, ఇప్పుడు మెత్తబడ్డాయి. అనుమానం వచ్చి పంపుతో తీసి చూస్తే సీసా అడుగు మాత్రమే తడిసింది. చూడటానికి వచ్చినవాళ్లందరూ 'నీకు పాలు చాలడం లేదు, డబ్బాపాలు మొదలుపెట్టు' అంటున్నారు. పాప పుట్టినప్పుడు 2.9 కిలోలు, నాలుగో రోజు ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు 2.7, ఆరు వారాల టీకాకు వెళ్లినప్పుడు 3.9 కిలోలు తూగింది. పథ్యం పేరుతో నాకు వెల్లుల్లి కారం అన్నమే పెడుతున్నారు, మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తున్నారు. రాత్రిళ్లు పాపతోపాటు నాకూ ఏడుపు వస్తోంది. నిజంగానే నా పాలు చాలడం లేదా?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ పాలు చాలుతున్నాయి. ఈ మాట మీకు ధైర్యం చెప్పడానికి అంటున్నది కాదు, మీరు రాసిన తూకాలను చూసి చెబుతున్నది. పుట్టిన మొదటి కొద్ది రోజుల్లో ప్రతి బిడ్డా కొంత బరువు తగ్గుతుంది. పుట్టిన బరువులో పదో వంతు మించకపోతే కంగారు పడనక్కర్లేదు, రెండు వారాలు నిండేసరికి ఆ తగ్గింది మళ్లీ రావాలి. ఆ తరువాత మొదటి మూడు నెలలూ రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంటే బిడ్డకు పాలు సరిపోతున్నట్టే లెక్క. మీ పాప నాలుగో రోజు నుంచి ఆరో వారానికి 1.2 కిలోలు పెరిగింది, అంటే రోజుకు 30 గ్రాములకు పైగానే. పాలు చాలని బిడ్డ ఇలా పెరగదు.

తూకం వేసే వీలు రోజూ ఉండదు కాబట్టి ఇంట్లో చూసుకోవలసింది పక్కగుడ్డలను. మొదటి వారం దాటిన బిడ్డ 24 గంటల్లో కనీసం ఆరుసార్లు ఒంటికి పోసుకోవాలి, ఆ మూత్రం గుడ్డకు పచ్చని మరక పడనంత తేటగా ఉండాలి. ఒకటి రెండు రోజులు డైపరు మాని బట్ట లంగోటాలు కట్టి చూడండి, ఎన్నిసార్లు తడిసిందో మీకే స్పష్టంగా తెలుస్తుంది. విరేచనాల లెక్క మాత్రం పెట్టుకోకండి. ఆరు వారాలు దాటాక తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు నాలుగుసార్లు వెళ్లవచ్చు, నాలుగు రోజులకొకసారి వెళ్లవచ్చు. మెత్తగా వస్తున్నంత కాలం రెండూ మామూలే.

ఇక మిమ్మల్ని భయపెట్టిన మూడు సంగతులు. రొమ్ములు మెత్తబడటం పాలు తగ్గాయనడానికి గుర్తు కాదు. తొలి వారాల్లో ఒళ్లు అవసరానికి మించి పాలు తయారుచేస్తుంది, అందుకే ఆ గట్టిదనం, ఆ సలుపు. ఆరు వారాలు వచ్చేసరికి బిడ్డ ఎంత తాగుతుందో ఒంటికి తెలిసిపోయి అంతే తయారుచేస్తుంది, ఎక్కువ భాగం బిడ్డ తాగుతుండగానే ఊరుతుంది. పంపుతో కొలవడం కూడా సరైన పరీక్ష కాదు. బిడ్డ నోరు తాకినప్పుడు విడుదలయ్యే హార్మోను వల్ల పాలు చేపుకు వస్తాయి; ప్లాస్టిక్ గరాటా తాకినప్పుడు, అందులోనూ మనసు ఆందోళనగా ఉన్నప్పుడు అలా రాకపోవచ్చు.

మూడోది సాయంత్రపు ఏడుపు. పసిపిల్లల ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారం ప్రాంతంలో పతాక స్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుముఖం పడుతుంది. ఎక్కువమంది పిల్లలకు అది సాయంత్రం వేళే వస్తుంది. ఆ పూట పాలు నెమ్మదిగా వస్తాయి, బిడ్డ కూడా పగలంతా చూసిన వెలుగులకు, విన్న చప్పుళ్లకు అలసిపోయి ఉంటుంది, అందుకే ఊరట కోసం పదేపదే రొమ్ము వెతుక్కుంటుంది. ఆ రెండు మూడు గంటలు గదిలో వెలుతురు తగ్గించి, బిడ్డను మీ ఛాతీకి నేరుగా ఆనించుకుని, అడిగినప్పుడల్లా పట్టండి. మధ్యమధ్య ఇంట్లో మరొకరు భుజాన వేసుకుని తిప్పాలి. ఎవరికైనా ఓపిక నశిస్తే బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు పక్క గదిలోకి వెళ్లడంలో తప్పులేదు. బిడ్డను పట్టుకుని గట్టిగా కుదపడం మాత్రం ప్రాణాపాయం.

ఈ దశలో ఇచ్చిన డబ్బాపాలే చాలా ఇళ్లలో నిజంగా పాలు తగ్గడానికి కారణమవుతున్నాయి. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు తయారవుతాయి. సాయంత్రం ఒక సీసా పట్టితే బిడ్డ ఆ పూట తల్లి దగ్గర తాగదు, తాగని పాలు నిలిచిపోతాయి, నిలిచిపోయిన పాలు ఇక తయారీ తగ్గించమని ఒంటికి సూచన ఇస్తాయి. మర్నాడు మరి కాస్త తగ్గుతాయి, ఇంకో సీసా అవసరమవుతుంది. రెండేళ్ల లోపు పిల్లల పాలడబ్బాలకు ప్రచారం చేయకూడదని మన దేశంలో 1992 నాటి చట్టం, దాని 2003 సవరణ నిషేధించినది తల్లిపాలకు ఇలాంటి నష్టం జరగకూడదనే. బిడ్డ బరువు చూసి, అవసరమని పిల్లల వైద్యులు చెప్పినప్పుడు డబ్బాపాలు ఇవ్వడం నేరం కాదు, అలా ఇచ్చిన తల్లి తక్కువైందీ లేదు. కానీ ఆ నిర్ణయం తూకం చూసి తీసుకోవాలి తప్ప చుట్టపుచూపుగా వచ్చినవారి మాట విని కాదు.

బిడ్డ రొమ్ము సరిగా పట్టుకుంటోందో లేదో కూడా ఒకసారి గమనించండి. నోరు బాగా తెరుచుకుని, కింది పెదవి బయటికి తిరిగి, గడ్డం రొమ్ముకు ఆని ఉండాలి. చనుమొన ఒక్కటే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగంలో ఎక్కువ నోట్లోకి వెళ్లాలి. మొదట చకచకా చప్పరించి, పాలు చేపుకు రాగానే నెమ్మదిగా, లోతుగా లాగుతూ మింగుతుంది. గది నిశ్శబ్దంగా ఉంటే ఆ గుటకలు మీకు వినిపిస్తాయి. కుట్ల మీద బరువు పడుతుంటే బిడ్డ కాళ్లు మీ వెనక్కి వచ్చేలా చంక కింద పట్టుకుని పాలివ్వండి, ఆపరేషన్ అయిన తల్లులకు ఆ పద్ధతి సుఖంగా ఉంటుంది.

పథ్యం విషయంలో మీ ఇంటివారికి ఈ పత్రిక చూపించండి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కిలో కేలరీల ఆహారం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. వెల్లుల్లి కారం పెట్టండి, తప్పులేదు. దానితోపాటు పప్పు, మునగాకు, కూరలు, పెరుగు, తినేవారైతే గుడ్డు, చేపలు కూడా పెట్టాలి. మన కోస్తా ఇళ్లలో బాలింతలకు సొరచేపతో వండే సొరపుట్టు మంచి మాంసకృత్తుల ఆహారం, ఆ పాత అలవాటు నాకెంతో ఇష్టం. నీళ్లు తాగితే పొట్ట వస్తుందన్నది నిజం కాదు. దాహమైనప్పుడల్లా తాగండి, పాలిచ్చేటప్పుడు పక్కన ఒక చెంబు పెట్టుకోండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తరువాత ఆరు నెలల వరకు వాడాలి.

రాత్రిళ్లు మీకూ ఏడుపు వస్తోందని రాసినది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే కన్నీళ్లు రావడం చాలామంది తల్లులకు ఉంటుంది, దానంతట అదే పోతుంది. మీకు ఏడో వారం. రోజులో ఎక్కువ సేపు దిగులుగా ఉండటం, బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నేను మంచి తల్లిని కానన్న తలపు పదేపదే రావడం వంటివి రెండు వారాలకు మించి ఉంటే అది చికిత్సతో నయమయ్యే జబ్బు, మీ చేతకానితనం కాదు. మీకు కాన్పు చేసిన డాక్టరుగారికి చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలన్న ఆలోచన గాని, బిడ్డకు ఏదైనా చేస్తానేమోనన్న భయం గాని వస్తే తెల్లవారేదాకా ఆగకుండా పక్కనున్నవారిని లేపి ఆసుపత్రికి వెళ్లండి. మీవారు రాత్రి పదికి మీరు పాలిచ్చాక బిడ్డను తీసుకుని, మళ్లీ పాల వేళ వరకు మిమ్మల్ని నిద్రపోనివ్వాలి. ఇది మీకు చేసే సాయం కాదు, తండ్రిగా ఆయన పని.

వీటన్నిటికీ మించి, మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్లు 100.4 డిగ్రీలు గాని అంతకు మించి గాని కాలినా, పాలు తాగడం మానేసినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, ఆకుపచ్చని వాంతులైనా, నిమిషానికి 60 సార్లకు మించి శ్వాస తీస్తున్నా ఆ పూటే వైద్యులకు చూపించాలి.

ప్రశ్న: మా అమ్మాయి పురుటికి మా ఇంటికి వచ్చింది. మనవడికి మూడో నెల. ఎండలు మండిపోతున్నాయి, నోరెండుతుందని రెండు చెంచాల నీళ్లు పడతానంటే అమ్మాయి ఒప్పుకోవడం లేదు. వస అరగదీసి నాకించడం, తేనె, ఆముదం, కాటుక, సాంబ్రాణి, అన్నీ వద్దంటోంది. మేమందరం అలాగే పెరిగాం కదా?
— ఒక అమ్మమ్మగారు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి చెప్పినది సరైనదే. తల్లిపాలలో నూటికి 87 పాళ్లకు పైగా నీరే ఉంటుంది, కాబట్టి మన గుంటూరు రోహిణి కార్తెలో కూడా ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు వేరే నీళ్లు అక్కర్లేదు. ఎండ ఎక్కువైతే మరో రెండుసార్లు పాలు పట్టించండి. నీళ్లతో పొట్ట నిండితే ఆ మేరకు పాలు తాగడు, నీటి వల్ల విరేచనాలు పట్టుకునే ప్రమాదం వేరే ఉంది. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల ఏడాది లోపు పిల్లలకు కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు, అందుకని ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయకండి. కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది. సాంబ్రాణి పొగ పసివాడి ఊపిరితిత్తులకు పడదు. వస, ఆముదం, గ్రైప్ వాటర్ వంటివేవీ నోట్లో వేయనక్కర్లేదు.

కాళ్లు చాపుకుని బిడ్డను వేసుకుని కొబ్బరినూనెతో ఒళ్లు మర్దనా చేసి లాల పోయడం మాత్రం మీరు తప్పకుండా చేయండి, అది బిడ్డకు ఎంతో మేలు. చెవుల్లో, ముక్కులో నూనె వేయకుండా, నలుగు గట్టిగా రుద్దకుండా ఉంటే చాలు. లాల పోసుకున్న పసివాడు చాలాసేపు పడుకుంటాడు; ఆ వేళ చూడటానికి వచ్చేవారిని మీరు గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి మాట్లాడి, మీ అమ్మాయిని కూడా నిద్రపోనివ్వండి.

ప్రశ్న: మంగళగిరిలో ప్రైవేటు ఉద్యోగం. సెలవు అయిపోయి వచ్చే నెల చేరాలి. బాబుకు అయిదో నెల. పాలు తీసి పెట్టి వెళ్లవచ్చా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వెళ్లవచ్చు. అయితే ముందు మీ సెలవు లెక్క చూసుకోండి. 2017లో చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది, అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది ఎనిమిది వారాలే. మీరు చేరిన తరువాత బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం ఇవ్వాలి, ఆ సమయంలో ఆఫీసులో పాలు తీసుకోవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నెలోకి తీయండి. వేడిగా లేని గదిలో తల్లిపాలు నాలుగు గంటలు ఉంటాయని చెబుతారు గాని అది 25 డిగ్రీల లోపు మాట. మన ఊళ్ల వేసవిలో తీసిన వెంటనే ఫ్రిజ్ లోపలి అరలో, తలుపు వైపు కాకుండా పెట్టండి, నాలుగు రోజులు నిల్వ ఉంటాయి. ఆఫీసు నుంచి ఐసు పెట్టిన సంచిలో తెచ్చుకోండి. పొయ్యి మీద గాని మైక్రోవేవ్‌లో గాని వేడి చేయకుండా గిన్నెను వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేసి, సీసాకు బదులు ఉగ్గుగిన్నెతో పట్టమనండి. చేరడానికి రెండు వారాల ముందు నుంచే రోజుకు ఒక పూట ఇంట్లో మరొకరి చేత అలా పట్టించి అలవాటు చేయండి. మీరు పక్కనే ఉంటే బాబు ఉగ్గుగిన్నెను ముట్టడు కాబట్టి ఆ కాసేపు వేరే గదిలో ఉండండి.