నింజుత్సు నిజమైన విద్యేనా? మూడేళ్లు నేర్చుకున్న అనుభవంతో నా సమాధానం

"నింజాలు నిజంగా ఉండేవారా? వాళ్ల విద్య నింజుత్సుని ఇప్పటికీ ఎవరైనా నేర్పుతున్నారా? నేర్చుకుంటే ఉపయోగం ఉందా?" అని అడిగారు. ఉద్యోగం మీద జపాన్‌లోని నగోయాలో ఉన్న మూడేళ్లూ వారానికి రెండు సాయంత్రాలు ఈ విద్య నేర్చుకున్నాను. కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను.

ఉండేవారు. ఆ రోజుల్లో వాళ్లని ఎక్కువగా షినోబి అనేవారు. నింజా అనే మాట జనం నోట పడింది ఇరవయ్యో శతాబ్దంలోనే. మనకైతే వాళ్లకి అతికినట్టు సరిపోయే మాట ఎప్పటినుంచో ఉంది: వేగులవాళ్లు. శత్రువు కోటలో ఎంతమంది ఉన్నారు, తిండిగింజలు ఎన్నాళ్లకి సరిపోతాయి, రాత్రి కాపలా ఎప్పుడు మారుతుంది, ఇవన్నీ కనిపెట్టి తిరిగొచ్చి చెప్పాలి. మధ్యలో చచ్చిపోతే కబురు అందదు. ఈ విద్యలో నేను నేర్చుకున్న ప్రతి కదలికా ఈ ఒక్క అవసరంలోంచే పుట్టిందనిపిస్తుంది.

వాళ్ల ఊళ్లు ప్రధానంగా రెండు. ఇప్పటి మియే ప్రిఫెక్చర్‌లో (అంటే మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ఇగా, షిగా ప్రిఫెక్చర్‌లో కోకా. రెండూ పక్కపక్కనే ఉన్న కొండ ప్రాంతాలు. అక్కడ గట్టి ప్రభువు అంటూ ఎవరూ లేరు. పొలమూ కత్తీ రెండూ పట్టిన చిన్న చిన్న కుటుంబాలు కట్టుబాట్లు రాసుకుని, కలిసికట్టుగా తమ నేలని తామే కాచుకునేవి. 1487లో షోగున్ (దేశాన్ని ఏలే సేనాపతి) అషికాగా యోషిహిసా సైన్యంతో దండెత్తి వచ్చినప్పుడు, కోకా వాళ్లు రాత్రిళ్లు అతని శిబిరం మీద పడి ముప్పుతిప్పలు పెట్టారు. వాళ్ల పేరు నలుదిక్కులా పాకింది అప్పుడే.

ఇగా కథ విషాదం. 1579లో, అప్పటి జపాన్‌లో అందరికంటే బలమైన ప్రభువు ఓడా నోబునాగా కొడుకు నోబుకాత్సు దండెత్తితే తరిమికొట్టారు. రెండేళ్లు తిరక్కుండానే, 1581లో, తండ్రి నలభై వేలకు పైగా సైన్యాన్ని పంపి ఆ ప్రాంతాన్ని బూడిద చేశాడు. ఆ మరుసటి ఏడే నోబునాగా క్యోటోలో హతమైనప్పుడు, అతని మిత్రుడు, తర్వాత షోగున్ అయిన తోకుగావా ఇయెయాసు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇంటికి పరుగు తీసింది ఇదే ఇగా కొండల మీదుగా. దారి కాచి దాటించిన వాళ్లలో ఇయెయాసు అనుచరుడు హత్తోరి హన్‌జో పేరు ముందు చెప్తారు. టోక్యోలో హన్‌జోమోన్ మెట్రో లైన్ ఎక్కినవాళ్లు తెలియకుండానే ఆయన్ని తలుచుకున్నట్టు.

1638 నాటి షిమాబారా ముట్టడి మాట కూడా చెప్పాలి. క్యూషూ దీవిలో తిరగబడిన క్రైస్తవ రైతుల కోటని షోగున్ సైన్యం చుట్టుముట్టింది. కోకా నుంచి వచ్చిన కొందరు రాత్రిపూట తిరుగుబాటుదార్ల కోటలోకి దూరారు. ఒకడు చీకట్లో గోతిలో పడితే తోడున్నవాడు పైకి లాగాడు. రాళ్ల వాన మధ్య, శిలువ ఉన్న జెండా ఒకటి పట్టుకుని బయటపడ్డారు. మనుషుల్లో కలిసిపోయి కూపీ లాగడం మాత్రం కుదరలేదు. లోపలివాళ్లది క్యూషూ యాస, మాట్లాడేది క్రైస్తవుల మాటలు. గోడ దూకడం వచ్చినా యాస రాకపోతే పని జరగదని ఇంతకంటే బాగా చెప్పే ఉదంతం నాకు కనపడలేదు.

ఇక సూత్రాలు. యుద్ధాలు ఆగిపోయి విద్య మరుగున పడిపోతున్న రోజుల్లో, 1676లో, ఇగాకి చెందిన ఫుజిబాయషి యసుతాకే దాన్ని ఇరవై రెండు సంపుటాలుగా రాసిపెట్టాడు. ఆ గ్రంథం పేరు బన్‌సెన్‌షూకాయ్. వేల నదులు వచ్చి కలిసిన సముద్రం అని అర్థం. నిప్పు, మందుగుండు, తాళాలు తీయడం అన్నీ ఉన్నాయి అందులో. కానీ వాటన్నిటికంటే ముందు సెయ్‌షిన్, అంటే మనసు నేరుగా ఉంచుకోవడం గురించి చెప్తాడు. ఆ మనసు లేకుండా ఈ పనులు చేస్తే అది దొంగతనమే అంటాడు. తర్వాత విద్యని రెండుగా విడదీస్తాడు. నలుగురిలో ముఖం కనిపిస్తూనే అసలు ఉద్దేశం దాచడం యోనిన్. చీకట్లో మనిషే కనిపించకుండా దూరడం ఇన్‌నిన్. 1681 నాటి షోనిన్‌కి అనే మరో గ్రంథంలో ఏడు వేషాల జాబితా ఉంది: సన్యాసి, వర్తకుడు, గారడీవాడు, అలాంటివి. ఏడోది అతి మామూలు మనిషి! నల్లముసుగు ఆ జాబితాలో లేనే లేదు. అది చదువుతుంటే నాకు అర్థశాస్త్రంలో కౌటిల్యుడు చెప్పిన తాపసుడు, వైదేహకుడు (వర్తకుడు) లాంటి గూఢచారుల వేషాలు గుర్తొచ్చాయి. దానికీ దీనికీ చారిత్రక సంబంధం ఉందని అనడం లేదు. వేగు పని ఎక్కడైనా ఒకటే.

నేను చేరింది పురపాలక సంఘం వాళ్ల క్రీడాభవనంలో, టాటామీ అనే గడ్డిచాపలు పరిచిన చిన్న హాల్లో. అంతకు చాలా ముందు, హైదరాబాద్‌లో ఒక వేసవి, నింజా పేరు చెప్పి నల్లబట్టలు అమ్మి, నన్‌చాకు (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలు) తిప్పించి, పెంకులు పగలగొట్టించిన శిక్షణలో మణికట్టు బెణికించుకున్నాను. నన్‌చాకు దక్షిణాన ఉన్న ఒకినావా దీవులది, ఇగాకీ దానికీ సంబంధం లేదు. అందుకే నగోయాలో మొదటిరోజు సెన్సెయ్ (గురువు) ఏ ఆయుధమూ ఇవ్వకుండా "పడండి" అన్నప్పుడు ఆశ్చర్యపోయాను. కాలేజీలో జూడో కొంచెం వచ్చు కాబట్టి పడుతూ అరచేత్తో చాపని ఛట్‌మని కొట్టాను. ఆయన పక్కన కూర్చుని, చేత్తో చెక్కనేల చూపించి, "ఇక్కడ రాయి ఉంటే?" అన్నారు. చెయ్యి విరుగుతుంది, పైగా చప్పుడు ఇంకొకరు వింటారు. మోచెయ్యి, భుజం, వీపు వరసగా నేలకి తగిలేలా, కాగితం చుట్టినట్టు దొర్లాలి. నా వీపు చప్పుడు తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది.

నిలబడే తీరు కూడా అంతే. ఇచిమోంజి అనే భంగిమలో బరువు ఎక్కువగా వెనక కాలి మీద ఉంటుంది, ముందు చెయ్యి బారుగా ఎదుటివాడి వైపు చాపి ఉంటుంది. దెబ్బ వస్తే ఎదురెళ్లరు, ఏటవాలుగా వెనక్కి జరుగుతారు. దూరం పెరగాలి, తప్పుకునే దారి తెరుచుకోవాలి.

ఒక సాయంత్రం సెన్సెయ్ ఐదు ప్రాథమిక కదలికలు మొదలుపెట్టి "చి, సుయ్, కా, ఫూ, కూ" అన్నారు. నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. మన పంచభూతాలే, బౌద్ధంతో పాటు సముద్రం దాటి వెళ్లాయి. విరామంలో ఆయనకి తెలుగులో ఆ ఐదూ చెప్తే, ఒక్కొక్కటీ నాతో రెండేసిసార్లు పలికించుకున్నారు.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. ఇవాళ ప్రపంచమంతా నింజుత్సు పేరుతో నేర్పేదాంట్లో ఎక్కువ భాగం 1931లో పుట్టిన హత్సుమి మసాకి నెలకొల్పిన బుజిన్‌కన్ అనే సంస్థ నుంచి, దాని కొమ్మల నుంచి వచ్చినదే. ఆయన గురువు తకామత్సు తోషిత్సుగు. ఆ గురువుకి ముందు తరాల వంశావళికి సరైన ఆధారాలు లేవనే చరిత్రకారులు ఉన్నారు. వాళ్ల వాదన నాకు బలంగానే అనిపిస్తుంది. అందుకని నేను నేర్చుకున్నదానికి విలువ తగ్గిందని అనుకోను. కానీ "తొమ్మిది వందల ఏళ్ల విద్య" అని ఎవరైనా చెప్తే తలూపకండి. చరిత్ర మీద ఆసక్తి ఉంటే మియే విశ్వవిద్యాలయంలో నింజాల మీద పరిశోధన కేంద్రమే ఉంది, 2017 నుంచి.

ఇగా వెళ్లే వీలుంటే తప్పక వెళ్లండి. అక్కడి మ్యూజియంలోని పాత ఇంట్లో గైడ్ ఒక పలక అంచుని కాలితో తొక్కితే అది చటుక్కున లేచింది, అడుగున కత్తి. బయట కతయాకి అనే బిళ్లలు అమ్ముతారు. మన చెక్కలు వాటి ముందు దూదిపింజలు, రెండిటిని ఒకదానితో ఒకటి కొట్టి పగలగొట్టుకుని తినాలి.

ఉపయోగం ఉందా అన్నారు కదా. ఇన్నేళ్లలో ఎవరితోనూ కొట్లాడే అవసరం రాలేదు. పోయిన వానాకాలం మాత్రం సికింద్రాబాద్‌లో తడిసిన మెట్ల మీద భుజాన బ్యాగుతో జారాను. మూడు మెట్లు దొర్లి లేచి నిలబడ్డాను. మోచేతి మీద చొక్కా చిరిగింది, అంతే.