మంచం దగ్గర మొదలుపెట్టు: బాబు డస్ట్ ఎలర్జీ గురించి పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ దీవించి రాయునది.

ఫోన్‌లో అయితే నువ్వు వంటింట్లో పని చేసుకుంటూ వింటావు, సగం చెవిన పడదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. బాబు పొద్దున్నే మంచం దిగకముందే వరసగా తుమ్ములు, ముక్కులోంచి నీళ్లు. స్కూలు బస్సు ఎక్కేసరికి చాలావరకు తగ్గిపోతుంది. రాత్రి పడుకున్నాక మళ్లీ ముక్కు దిబ్బడ, నోరు తెరుచుకుని నిద్ర. నెలల తరబడి ఇలాగే ఉందంటే ఇది ఉత్త జలుబు కాదని నా అనుమానం. ఆసుపత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్లూ ఇలాంటి పిల్లల్ని చూశాను, మీ అన్నయ్య చిన్నప్పుడు ఇంట్లోనూ చూశాను. డాక్టరు తేల్చేదాకా ఖాయమని చెప్పను. కానీ ఏం గమనించాలో తెలిస్తే డాక్టరు దగ్గర సరిగ్గా చెప్పుకోగలుగుతావు.

జలుబైతే వారం పది రోజుల్లో పోతుంది. ఒళ్లు నొప్పులో, గొంతు నొప్పో, కాస్త జ్వరమో ఉంటుంది, చీమిడి చిక్కబడుతుంది. ఎలర్జీకి జ్వరం ఉండదు. ముక్కు నీళ్లలా కారుతూనే ఉంటుంది, ముక్కులోనూ కళ్లలోనూ దురద ఉంటుంది. బాబు అరచేత్తో ముక్కుని కింది నుంచి పైకి రుద్దుకుంటాడేమో చూడు. ఏళ్ల తరబడి అలా రుద్దే పిల్లలకి ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. కళ్ల కింద నల్లటి చారలు కూడా రావచ్చు, అవి నిద్ర చాలక వచ్చినవని అందరూ అనుకుంటారు. ఇంకో సంగతి నువ్వే చెప్పావు: వేసవిలో అనంతపురంలో మీ అత్తగారింట్లో ఉన్నన్ని రోజులూ వాడికి తుమ్ముల ఊసే లేదని. నాకు అన్నిటికన్నా గట్టిగా తోచింది అదే. అనంతపురం గాలి పొడి. మీ విశాఖపట్నం గాలిలో సముద్రపు తేమ. ఈ జబ్బుకి కారణమైన పురుగు బతికేదే ఆ తేమ మీద.

డస్ట్ ఎలర్జీ అనగానే అందరూ రోడ్డు మీద లేచే దుమ్మే అనుకుని కిటికీలు బిగించేస్తారు. ఎక్కువమంది విషయంలో అసలు కారణం ఇంట్లోనే, పరుపులో ఉంటుంది. డస్ట్ మైట్ అని కంటికి కనపడని చిన్న పురుగు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఎనిమిది కాళ్లు, సాలీడు జాతిది. కుట్టదు, కరవదు. మన ఒంటి నుంచి రోజూ రాలే చర్మపు పొట్టు తింటుంది. నీళ్లు తాగదు, గాలిలో తేమనే ఒంట్లోకి పీల్చుకుంటుంది. దాని మలంలో ఉండే ప్రోటీనే మనవాడి ముక్కుకి పడదు. 1960ల్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో వోర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా అనే పరిశోధకులు, ఇంటి దుమ్ము వల్ల వచ్చే ఎలర్జీకి మూలం ఈ పురుగేనని తేల్చారు. తేమ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇవి ఉంటాయి. కాబట్టి 'ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం చేతకాదు' అని ఎవరైనా అంటే మనసులో పెట్టుకోకు. అద్దంలా ఉంచిన ఇళ్లలోనూ పరుపు నిండా ఇవే.

ఆ మలం రేణువులు బరువైనవి. ఎప్పుడూ గాలిలో తేలుతూ ఉండవు. పక్క దులిపినప్పుడో, పిల్లాడు మంచం మీద గెంతినప్పుడో లేస్తాయి, ఇంచుమించు అరగంటలో మళ్లీ కిందికి దిగిపోతాయి. అందుకే అల్లుడు కొందామంటున్న ఎయిర్ ప్యూరిఫయర్ మీద అంత డబ్బు ఇప్పుడే పెట్టొద్దు. వాడు రాత్రంతా ముక్కు ఆనించి పడుకునే దిండుని ఆ మిషన్ ఏమీ చేయలేదు. మీ ఓపిక, డబ్బు ముందు మంచం మీద పెట్టండి.

దిండుతో మొదలుపెట్టు. పాత బూరుగు దూది దిండు ఎన్నేళ్లదో మీకే గుర్తుండదు, దాన్ని తీసేసి ఉతకడానికి వీలైన కొత్త దిండు కొను. పరుపుకి, దిండుకి నాలుగు వైపులా మూసుకుపోయే జిప్ కవర్లు దొరుకుతాయి. గుడ్డ నేత చాలా దగ్గరగా, రంధ్రాలు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవిగా ఉన్నవి చూసి కొను. పైకి వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉండి, అడుగు వైపు ఎలాస్టిక్ మాత్రమే ఉండేవి ఈ పనికి చాలవు. పరుపు ఆరు వైపులా మూసుకోవాలి. ఆ ధర ఇప్పుడు కుదరకపోతే రెక్సిన్ కవరు కుట్టించి పైన నూలు దుప్పటి పరువు. చెమట పట్టిస్తుంది కానీ పని చేస్తుంది. మంచం మీద మీరిద్దరూ కూడా పడుకుంటే ఒక్క బాబు దిండుకే కవరు వేస్తే లాభం లేదు, అన్నిటికీ వేయాలి.

దుప్పట్లు, గలీబులు, కప్పుకునేవి వారానికోసారి వేడినీళ్లలో ఉతకాలి. వేడి 55 నుంచి 60 డిగ్రీలు ఉంటేనే పురుగు చస్తుంది. చన్నీళ్లలో ఉతికితే మలం చాలావరకు కొట్టుకుపోతుంది కానీ పురుగు మిగిలిపోతుంది. మీ వాషింగ్ మిషన్‌లో వేడినీళ్ల ఆప్షన్ ఉంటే 60 పెట్టు. లేకపోతే నీళ్లు బాగా కాచి బకెట్‌లో నానబెట్టు. ఆ బకెట్ దగ్గరికి పిల్లాడిని మాత్రం రానివ్వకు, కాలిన గాయాలతో వచ్చిన పిల్లల్ని చూసినదాన్ని కాబట్టి మరీ మరీ చెబుతున్నాను. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత లేకుండా వాడు పడుకోడని తెలుసు. దాన్ని పారేయక్కర్లేదు, అదీ వేడినీళ్లలో ఉతికేదే. ఉన్ని రగ్గు మాత్రం బీరువాలో పెట్టేయ్. బొమ్మల్లో వాడికి బాగా ఇష్టమైన ఎలుగుబంటిని ఒక్కదాన్నే మంచం మీద ఉండనివ్వు. దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక ఉతుకు. చలికి పురుగు చస్తుంది, ఉతికితే మురికి పోతుంది. రెండూ కావాలి.

మన పెద్దవాళ్లు పరుపులు ఎండలో వేయడం ఊరికే చేయలేదు. మీ మేడ మీద మంచి ఎండ ఉన్న రోజున పొద్దున్న పదింటికి వేసి, మధ్యలో తిరగేసి, మూడింటికి తీయండి. ఎండకి పరుపులోని తేమ ఆరిపోతే పురుగు ఎండి చస్తుంది. కానీ చచ్చినా దాని మలం పరుపులోనే ఉంటుంది, అదే చిక్కు. కాబట్టి కర్రతో బాగా దులపాలి. దులిపేవాళ్లు మూతికి మాస్కు కట్టుకోవాలి, గాలి వాటం చూసి నిలబడాలి. పడగ్గది బాల్కనీలో దులిపితే లేచిందంతా గదిలోకే వస్తుంది. కవరు వేసేది ఈ పని అయ్యాకే. ఆ పూట బాబుని పక్కింటికి పంపేయ్.

గది సంగతి. కార్పెట్ తీసేయ్. దళసరి కర్టెన్లకి బదులు ఇంట్లో ఉతుక్కునే పల్చటివి వేసుకో. మంచం కింద అట్టపెట్టెలు, కుర్చీ మీద బట్టల గుట్ట ఉండకూడదు. చీపురుతో ఊడిస్తే కూర్చున్న దుమ్మంతా లేస్తుంది. పనమ్మాయికి చెప్పి పడగ్గది వరకు తడిగుడ్డతోనే తుడిపించు. ఫ్యాన్ రెక్కలు, బీరువా పైభాగం, దోమతెర మర్చిపోతారు. దోమతెర నెలకోసారైనా ఉతకాలి. పని అవుతున్నప్పుడు, ఆ తర్వాత గంటసేపు వాడు ఆ గదిలో ఉండకూడదు. సంక్రాంతికి ముందు అటకల మీద సామాను దింపి బూజు దులిపే రోజైతే వాణ్ణి ఇంట్లోనే ఉంచొద్దు.

తేమ విషయంలో ఎక్కువమంది పొరబడేది ఎయిర్ కూలర్ దగ్గర. మీ ఊళ్లో కూలర్ వేస్తే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది, పురుగుకి పండగే. పడగ్గదిలోంచి తీసేయండి. తేమ కొలిచే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, తెప్పించు. 50 శాతం కన్నా తక్కువుంటే ఈ పురుగులు బతకలేవు. వానాకాలంలో విశాఖలో అంతకు దించడం కష్టం, ఆ సంగతి నాకూ తెలుసు. కుదిరినంత తగ్గించడమే. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో పెట్టుకో, ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడుగు. తడి బట్టలు పడగ్గదిలో ఆరేయొద్దు. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడవనీ. గోడ చెమ్మగిల్లి బూజు పట్టిన చోట రంగు వేసి కప్పెట్టకుండా ఇంటి ఓనరుతో మాట్లాడి లీకేజీ సరి చేయించు. ఆ బూజు కూడా కొందరికి పడదు.

ఇందులో ఏదో ఒక్కటి చేసి, 'తేడా లేదు పెద్దమ్మా' అనకు. ఒక్క కవరు కొని ఊరుకుంటే తేడా కనపడదు. అన్నీ కలిపి చేయాలి, చేశాక కూడా కొన్ని వారాలు పడుతుంది.

ఇవన్నీ చేస్తున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. చేతి మీద చుక్కలు వేసి సన్నగా గుచ్చి చూసే పరీక్ష ఉంది, స్కిన్ ప్రిక్ టెస్ట్ అంటారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది, పెద్ద నొప్పి ఉండదు. దానికి వెళ్లే ముందు కొన్ని రోజులు సెట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్రలు ఆపాలి, ఎన్ని రోజులో అడిగి తెలుసుకో. రక్త పరీక్ష అయితే మాత్రలు ఆపక్కర్లేదు. పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన సరిపోదు, అది వాడి లక్షణాలతో కలవాలి.

డాక్టరు ముక్కు స్ప్రే రాస్తే భయపడకు. స్టెరాయిడ్ అని వినగానే చాలామంది తల్లులు రెండు రోజులు కొట్టి మానేస్తారు. ఆ మందు ముక్కులోనే పని చేస్తుంది, మోతాదు తక్కువ. రోజూ వాడాలి, పూర్తి గుణం కనపడడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. కొట్టే పద్ధతి చెబుతాను: ముందు ముక్కు చీదించు. వాడి తల కొంచెం ముందుకి వంచు. ఎడమ ముక్కుకి కుడిచేత్తో, కుడి ముక్కుకి ఎడమచేత్తో పట్టుకుంటే స్ప్రే మొన దానంతటదే చెవి వైపు తిరుగుతుంది. ముక్కు మధ్య గోడ మీద పడితే మంట పుట్టి రక్తం రావచ్చు. కొట్టాక గట్టిగా పీల్చనివ్వకు, మందు గొంతులోకి పోతుంది.

ముక్కు దిబ్బడకి మెడికల్ షాపులో ఇచ్చే చుక్కల మందు వేరు. అది సొంతంగా వాడొద్దు. మూణ్నాలుగు రోజులు దాటితే మందు ఆపగానే ముక్కు మళ్లీ మూసుకుపోతుంది, అది లేకుండా నిద్రపట్టని స్థితి వస్తుంది. మాంటెలుకాస్ట్ అనే ఎలర్జీ మందు కలిసిన మాత్ర రాస్తే వాడి తీరు గమనించు. పీడకలలు, విపరీతమైన చిరాకు, దిగులు కనపడితే వెంటనే డాక్టరుకి చెప్పు. ఇలాంటి మార్పుల గురించే 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేర్చింది. ఉప్పునీళ్లతో ముక్కు కడగమంటే కాచి చల్లార్చిన నీళ్లే వాడు, కుళాయి నీళ్లు వద్దు.

రాత్రిపూట దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, పరిగెత్తితే ఆయాసం ఉంటే అది ముక్కుతో ఆగలేదని అర్థం. ఉబ్బసం కావచ్చు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని మీ వీధిలో ఎవరు చెప్పినా వినొద్దు. అలవాటు కాదు. మృగశిర కార్తెకి హైదరాబాద్ చేప మందుకి తీసుకెళదామని మీ మామగారు అంటున్నారట. దానితో ఈ జబ్బు నయమవుతుందని రుజువేమీ లేదు. పెద్దాయన మాట తీసేయలేక వెళ్లినా, ఇన్‌హేలర్ ఒక్క రోజు కూడా ఆపొద్దు. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఇంకేం ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యి.

ఎంత చేసినా అదుపులోకి రాకపోతే, పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గానో నాలుక కింద చుక్కలుగానో ఇచ్చే చికిత్స ఉంది. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది, ఎలర్జీ స్పెషలిస్టు చేతిలోనే జరగాలి. ఇంజెక్షన్ తర్వాత అరగంట అక్కడే కూర్చోబెడతారు. తొందరపడి ఇంటికి తెచ్చేయొద్దు.

మీ ఇంటికి వచ్చినప్పుడు మీ అత్తగారితో ఒక మాట మెల్లగా చెప్పు. సాంబ్రాణి పొగ, అగరొత్తులు, దోమల కాయిల్ వాడు పడుకునే గదిలో వద్దు. పూజ మానమని కాదు, తలుపు వేసి పూజ గదిలో చేసుకోమని. ఎలర్జీతో వాచిన ముక్కుకి పొగ ఇంకా మంట పెడుతుంది. ఆవిడకి మనవడంటే ప్రాణం, చెప్పే తీరులో చెబితే వింటారు.

కవర్లు ఆర్డర్ పెట్టేముందు పరుపు పొడవు, వెడల్పుతో పాటు మందం కూడా టేపుతో కొలుచుకో. మందం చూసుకోకపోతే జిప్ పడదు. డాక్టరు దగ్గర చూపించడానికి, ఏ పూట తుమ్ములు ఎక్కువ, రాత్రి దగ్గుందా లేదా అనేది ఈ వారం రోజూ ఒక కాగితం మీద రాసి ఉంచు. శనివారం నేనే ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ