కుక్కల షెడ్డుకు పర్సనల్ లోన్ వద్దు, ఎఫ్‌డీ జోలికి అసలే వెళ్లొద్దు

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్ళిలో ఐటీ ఉద్యోగం. వయసు 37. చేతికి 1.30 లక్షలు వస్తుంది, ఇంటి ఖర్చు 78 వేలు. భార్య, ఆరేళ్ల పాప, ఊళ్లో అమ్మానాన్న ఉన్నారు. 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. మా పొలంలో షెడ్డు వేసి, కర్ణాటకలోని ముధోల్ జాతి వేటకుక్కల్లో మంచి వంశాన్ని నిలబెట్టాలని ఆశ. రెండు ఆడ, ఒక మగ కూనలు తెస్తాను. 9 లక్షలు పర్సనల్ లోన్ (14 శాతం, ఐదేళ్లు), 3 లక్షలు ఎఫ్‌డీలోంచి తీస్తాను. ఏడాదికి 12 కూనలు, ఒక్కోటి 20 వేలకు అమ్మితే అప్పు తీరిపోతుంది కదా? తక్కువ పడితే నగలు తాకట్టు పెడతాను.

జవాబు: తీరదు. మీ లెక్కలోనే చూడండి. 12 కూనలూ అమ్ముడుపోయినా వచ్చేది 2.40 లక్షలు. ఈఎంఐ నెలకు 20,900 దాకా, అంటే ఏడాదికి 2.50 లక్షలు. మేత, టీకాలు, పనిమనిషి జీతం ఇంకా కలపనే లేదు.

ఆ 2.40 లక్షలు కూడా ఎప్పుడొస్తాయి? 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను క్రాసింగ్ (మగకుక్కతో జత) చేయించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే (కాన్పు), జీవితం మొత్తంలో ఐదు. 8 వారాలు నిండని కూనను అమ్మకూడదు. రెండు నెలల కూన తెస్తే 16 నెలలు పెంచాలి, చూలు 63 రోజులు, ఆపైన కూనల పెంపకం రెండు నెలలు. ఎద సరిగ్గా అప్పుడే వచ్చినా 20 నెలలు. ఈలోపు మీరు కట్టే ఈఎంఐలు దాదాపు 4.20 లక్షలు. వంశం నిలబెట్టాలంటే ప్రతి ఈతలో మేలైన కూనను అమ్మకుండా ఉంచుకోవాలి కూడా. వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కాబట్టి కొనేవాళ్లు కాపలాకో, షోలకో, ఇష్టం కొద్దీ పెంచుకోవడానికో కొనాలి.

నన్ను కలవరపెట్టింది వేరే విషయం. మీరు ఎఫ్‌డీని పెట్టుబడిగా చూస్తున్నారు. పక్క ఆదాయం మొదలుపెట్టే చాలామంది ఇదే తప్పు చేస్తారు. 78 వేల ఖర్చుకు ఆరు నెలల అత్యవసర నిధి అంటే 4.68 లక్షలు. మీ 5 లక్షలు దాదాపు అదే. అందులోంచి 3 లక్షలు తీస్తే మిగిలేది రెండున్నర నెలల బతుకు. అటు నెలవారీ మిగులు 52 వేల నుంచి ఈఎంఐ పోగా 31 వేలు; పనిమనిషికి 14 వేలు, మేతకూ మందులకూ 8 వేలు తీస్తే 9 వేలు మిగులుతాయి. ఆ నెలలోనే కంపెనీ లేఆఫ్ చేస్తే? షెడ్డులోకి పార్వో (కూనల ప్రాణం తీసే వైరస్ జబ్బు) వస్తే? ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఒక్క వారంలో ఈత మొత్తం పోవచ్చు. అర్ధరాత్రి సిజేరియన్ అవసరమైతే డాక్టరు ఆగడు, మీ డబ్బూ ఆగకూడదు. అప్పటి కోసమే నగలు అంటున్నారు. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు అనేది ప్లాన్ కాదండీ. దయచేసి ఆ మాట మరిచిపోండి.

మీ ఆశను మాత్రం వదులుకోమనను. ఎఫ్‌డీ కదలకుండా ఉంచి, నెలకు 40 వేలు వేరే ఖాతాలో వేయండి. ఏడాదిలో 4.80 లక్షలు అవుతాయి. అందులో లక్ష కుక్కల అత్యవసరానికే కేటాయించండి, షెడ్డు పనికి వాడొద్దు. మిగతాతో చిన్న కంచె, ఒక్క ఆడకూన. మగకుక్క కొనక్కర్లేదు. మంచి మగకుక్క ఉన్నవాళ్ల దగ్గర డబ్బిచ్చో, ఈతలో ఒక కూన ఇచ్చో క్రాసింగ్ చేయించుకోవచ్చు. వంశానికీ అదే మేలు: ఒకే మగకుక్క ఉంటే రెండో తరంలోనే తండ్రికీ కూతురికీ జత కట్టించే పరిస్థితి వస్తుంది, కూనల సంఖ్యా ఆరోగ్యమూ దెబ్బతింటాయి. ముధోల్ దగ్గర తిమ్మాపురలో ప్రభుత్వ కుక్కల పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ అడిగి వంశావళి చూసి తీసుకోండి. షెడ్డు ఆంధ్రప్రదేశ్‌లో కాబట్టి అక్కడి జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే ఈ నెలే తీసుకోండి. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, కాబట్టి అమ్మానాన్నలకు విడిగా ఒక పాలసీ చూడండి. ఎఫ్‌డీ మీ ఒక్కరి పేరునే ఉంటే, మీ ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మీ భార్య పేరుతో జాయింట్‌గా మార్పించండి.