గ్లాసు మీద చుక్క పెడితే టీబీ ఆగదమ్మా

ప్రశ్న: మాది గుంటూరు. మావారికి 41 ఏళ్లు, మిర్చి యార్డులో గుమాస్తా. రెండు నెలలు దగ్గుతూనే ఉంటే మిరపకాయల ఘాటు వల్లే అనుకున్నాం. సాయంత్రాలు జ్వరం రావడం, బరువు తగ్గడం మొదలయ్యాక కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ అన్నారు. మూడు వారాలుగా మందులు వాడుతున్నారు. మా అత్తగారు ఆయనకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టారు. మా గ్లాసుల్లో కలిసిపోకుండా దాని అడుగున నెయిల్‌పాలిష్‌తో చుక్క కూడా పెట్టారు. పడక వరండాలోకి మార్చాం. నాలుగేళ్ల పాపను దగ్గరికి పోనివ్వడం లేదు. వారం నుంచి ఆయన సరిగా మాట్లాడటం లేదు, అన్నం సగంలో లేచిపోతున్నారు. మొన్న రాత్రి ‘నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు’ అన్నారు. ఈ మందులు మనసును పాడుచేస్తాయా? పాపకు, షుగర్ ఉన్న మా అత్తగారికి జబ్బు వస్తుందా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నల కంటే ముందు మొన్న రాత్రి ఆయన అన్న మాట సంగతి చూద్దాం. నీరసంలో ఏదో అన్నారులే అని వదిలేయకండి. ఈ రోజే పక్కన కూర్చుని, ‘చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని చాలామంది భయపడతారు. అలా ఏమీ జరగదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటతోనే కొందరు గుండె బరువు దించుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. మాత్రల డబ్బా మీ దగ్గర ఉంచుకుని ఏ రోజు మోతాదు ఆ రోజు ఇవ్వండి. ఇంట్లో పురుగుమందు డబ్బాల్లాంటివి ఉంటే బయటికి పంపేయండి. ఆయన లేదన్నా సరే, తిండి, మాట తగ్గిన సంగతి ఈ వారంలోనే టీబీ డాక్టరుకు చెప్పండి.

ఇక గ్లాసు సంగతి. ఆ నెయిల్‌పాలిష్ చుక్క దగ్గర కాసేపు ఆగిపోయాను. మా ఓపీకి వచ్చే టీబీ రోగుల్లో దగ్గు గురించి చెప్పుకునేవాళ్లు ఎంతమందో, ఇంట్లో తమ కంచం ఎక్కడ పెడుతున్నారో చెప్పి కళ్లు తుడుచుకునేవాళ్లూ అంతమంది. మీ అత్తగారిది చెడ్డ ఉద్దేశమని అనను. మనవరాలి మీద ప్రేమతోనే చేశారు. కానీ ఆ చుక్క ఎవరినీ కాపాడటం లేదు.

ఎందుకంటే టీబీ గిన్నెలు, కంచాలు, దుప్పట్ల నుంచి రాదు. గాలి నుంచి వస్తుంది. దగ్గినప్పుడు ఎగిరే తుంపరల్లో బాగా చిన్నవి మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. వాటిని పీలిస్తే క్రిమి ఊపిరితిత్తుల లోపలి గాలి గదుల దాకా వెళ్తుంది. అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగేస్తుంది. వేరే క్రిములైతే అక్కడితో అరిగిపోతాయి. టీబీ క్రిమికి మైనం లాంటి పొర ఉంటుంది, అరగదు సరికదా తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. అప్పుడు మిగతా రక్షణ కణాలు వచ్చి దాని చుట్టూ గోడ కడతాయి. చాలామందిలో ఆ గోడ జీవితాంతం నిలుస్తుంది. క్రిమి సోకినవాళ్లలో 5 నుంచి 10 శాతం మందికే ఎప్పటికైనా జబ్బుగా బయటపడుతుంది. అయితే ఐదేళ్లలోపు పిల్లల్లో ఆ గోడ గట్టిగా ఉండదు. షుగర్, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో, తిండి చాలనివాళ్లలోనూ అంతే. మీ ఇంట్లో నేను ఆలోచిస్తున్నది పాప గురించి, మీ అత్తగారి గురించి. అంటే ఆవిడ భయం సరైనదే, ఉపాయమే తప్పు.

ఇంకో సంగతి. మీ ఇంట్లో ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇప్పుడు కాదు, ఘాటు అనుకుని గడిపేసిన ఆ రెండు నెలల్లో. మందులు క్రిమి మీద పనిచేస్తుంటే రెండు వారాలు దాటేసరికి ఇతరులకు సోకించే శక్తి బాగా పడిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కంచం వేరు చేశారు. అందుకే కళ్లెలో క్రిమిని, అది మందుకు లొంగుతుందా అన్నది చూసే సీబీనాట్ పరీక్ష రిపోర్టు తీసి, టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందని ఉందో లేదో డాక్టరును అడగండి. లొంగకపోతే లెక్క మారుతుంది, మందులూ మారతాయి. లొంగుతుందంటే, ఆయన దగ్గు చూసి డాక్టరు సరే అనగానే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. అప్పటిదాకా మాస్కు, మూత ఉన్న డబ్బాలో ఉమ్మడం, కిటికీలు తెరిచి ఉంచడం చాలు. గాలి ఆడే వరండా మంచిదే, తలుపులు బిగించి ఏసీ వేసే గదికంటే ఎంతో నయం. కానీ గాలి కోసం పడుకోమన్నారా, వెలివేసి పడుకోబెట్టారా అన్నది ఆయనకు తెలుస్తుంది కదా. రోజూ సాయంత్రం మీ కుర్చీ కూడా అక్కడ వేసుకోండి.

రోగిని ఇంట్లోనే ఉంచొచ్చన్నది నా సొంత కవిత్వం కాదు. ఇప్పుడు మంగళగిరిలో ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. అప్పట్లో టీబీ అంటే ఊరి బయట నెలల తరబడి ఉంచేయడమే. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో కొందరు రోగులను శానిటోరియంలో, మరికొందరిని ఇంటి దగ్గరే ఉంచి అవే మందులు ఇచ్చారు. ఇరుకు ఇళ్లు, చాలీచాలని తిండి. అయినా ఇంటి దగ్గర ఉన్నవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైంది. 1959లో ఫలితాలు వచ్చాయి. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల ఇంట్లోవాళ్లకు జబ్బు పెరిగినట్టు కనపడలేదు. ఆ తర్వాతే ప్రపంచమంతా ఇంటి వైద్యానికి మళ్లింది.

మరి పాపకు, అత్తగారికి, మీకు ఏం చేయాలి? ముగ్గురూ పరీక్ష చేయించుకోవాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా అని అడుగుతారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. జబ్బు లేదని తేలితే, లోపల దాక్కున్న క్రిమి లేవకుండా నివారణ మందు ఇస్తారు. ఐదేళ్లలోపు పిల్లలకు ఆరు నెలలు ఐసోనియాజిడ్, పెద్దవాళ్లకు అది గానీ వారానికోసారి చొప్పున పన్నెండు వారాల కోర్సు గానీ. బీసీజీ టీకా పడింది కదా అని పాప విషయంలో ఊరుకోకండి. మీరు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, పన్నెండు వారాల కోర్సులోని రిఫాపెంటిన్ వాటి పనిని తగ్గిస్తుంది. ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. తిండి ఖర్చుకు రోగి ఖాతాలో నెలకు 1,000 రూపాయలు వేస్తారు, నమోదైందో లేదో కనుక్కోండి. తిండి అనేది మాటవరసకు అనడం లేదు. జార్ఖండ్‌లో రోగుల ఇళ్లలోవాళ్లకు అదనంగా బియ్యం, పప్పు, విటమిన్లు ఇచ్చి చూస్తే కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేల్చారు.

మందులు మనసును పాడుచేస్తాయా అన్నారు. టీబీ చికిత్సలోనూ వాడే ఐసోనియాజిడ్ వల్ల అరుదుగా నిద్ర, మనసు తేడా చేయొచ్చు. అందుకే డాక్టరుకు చెప్పమంటున్నాను, మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. విచిత్రం ఏంటంటే, దాని తమ్ముడి లాంటి ఐప్రోనియాజిడ్‌ను 1952లో న్యూయార్క్‌లో టీబీ రోగులకు ఇస్తే కొందరు హుషారైపోయారు. అలా అది డిప్రెషన్ మందుల్లో మొదటివాటిలో ఒకటయింది, తర్వాత లివర్‌కు చేటని పక్కన పెట్టారు. మీవారి విషయంలో జబ్బుకూ వాటా ఉంది. క్రిమితో పోరాడేటప్పుడు రక్షణ కణాలు వదిలే సైటోకైన్లు అనే రసాయనాలు మెదడు మీదా పనిచేసి ఆకలి, ఉత్సాహం తగ్గిస్తాయి. దాని మీద ఆ చుక్క గ్లాసు. ఏది ఎంత అన్నది డాక్టరు చూసి చెప్పాలి, అవసరమైతే మానసిక వైద్యుడికి పంపుతారు.

మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడకండి, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్లండి. పాదాల్లో తిమ్మిరికి బీ6 మాత్ర ఇస్తారు. చికిత్స నడిచే ఈ ఆరు నెలలూ మద్యం ముట్టకూడదు. రెండో నెల చివర మళ్లీ కళ్లె పరీక్ష ఉంటుంది, అప్పటికి దగ్గు పోయినా చేయించాలి.

మీ అత్తగారిని ఎక్స్‌రేకు ఎవరు తీసుకెళ్లాలి అని ఆలోచించకండి. మాస్కు పెట్టుకుని, బండి మీద ఆవిడను కూర్చోబెట్టుకుని ఆయన్నే వెళ్లమనండి.