మినీ లేత్ కొన్నాను, నేరుగా స్టీమ్ లోకోమోటివ్ మొదలుపెట్టవచ్చా?

కొత్తగా మినీ లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే చిన్న యంత్రం) కొన్నారు, 5 అంగుళాల గేజి (పట్టాల మధ్య దూరం) ట్యాంక్ ఇంజిన్ (నీళ్ళ ట్యాంకును తనమీదే మోసే లోకోమోటివ్) మోడల్ డ్రాయింగులు చేతిలో ఉన్నాయి, ఫ్రేములు కోసెయ్యనా అని అడిగారు. ఇప్పుడే వద్దండీ. ముందు ఒక చిన్న ఆసిలేటింగ్ ఇంజిన్ చేసి తిప్పండి. ఈ పని చేసేవాళ్ళు దాన్ని వాబ్లర్ అంటారు. నేను ఆ మెట్టు వదిలేసి నేరుగా లోకోమోటివ్‌కు వెళ్ళాను. ఫ్రేములు అయ్యాయి, చక్రాలు తిప్పడం అయింది, సిలిండర్ల దగ్గర ఆగిపోయాను. ఆవిరి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో డ్రాయింగ్ చూసి చెప్పగలను గానీ, అది లీక్ కాకుండా ఆపే పనితనం చేతికి రాలేదు. ఆ ఫ్రేములు రెండేళ్ళు బెంచీ కింద ఉన్నాయి. ఒక వాబ్లర్ చేశాకే మళ్ళీ బయటికి తీశాను.

వాబ్లర్‌లో వాల్వు గేరు (ఆవిరి దారులను తెరిచి మూసే విడి భాగాలు) ఉండదు. సిలిండరే ఒక పివట్ మీద అటూ ఇటూ ఊగుతుంది. సిలిండర్ పక్కన ఒక రంధ్రం, అది ఆనుకునే పోర్ట్ బ్లాకులో రెండు రంధ్రాలు. ఒక పక్కకు ఊగినప్పుడు ఆవిరి లోపలికి వస్తుంది, రెండో పక్కకు ఊగినప్పుడు ఎగ్జాస్ట్ బయటికి పోతుంది. నడిమధ్యలో ఉన్నప్పుడు రెండూ మూసుకుని ఉండాలి. రంధ్రం కాస్త పెద్దదైతే రెండూ ఒకేసారి తెరుచుకుని ఆవిరి నేరుగా బయటికి పోతుంది. భాగాలు తక్కువే అయినా బోరింగ్ (రంధ్రాన్ని పెద్దది చేయడం), రీమింగ్ (దాన్ని కచ్చితమైన కొలతకు నునుపు చేయడం), ట్యాపింగ్ (లోపల మరలు కోయడం), పిస్టన్ ఫిట్, చదును చేయడం అన్నీ ఇందులోనే అలవాటవుతాయి.

నాది మొదట తిరగలేదు. గాలి పెడితే ఈల వేసినట్టు శబ్దం, ఫ్లైవీల్ అరచుట్టు తిరిగి ఆగిపోయేది. పిస్టన్ వదులైందేమో అని ఇంకొకటి చేశాను, మార్పు లేదు. చివరికి పోర్ట్ బ్లాకు ముఖానికి మార్కర్ ఇంకు పూసి, సిలిండర్‌ను దాని మీద నాలుగుసార్లు ఆడించి చూశాను. రెండు మూలల్లో మాత్రమే ఇంకు చెరిగింది, రంధ్రాల చుట్టూ అలాగే ఉంది. ఆకురాయితో రుద్దినప్పుడు ముఖం కొంచెం గుండ్రంగా మారింది, కంటికి తెలియలేదు. మందమైన గాజు పలక మీద ఎమరీ పేపర్ పరిచి, కాస్త నూనె వేసి, 8 అంకె ఆకారంలో రెండు ముఖాలనూ రుద్దాను. ముందు 600 నంబరు, తర్వాత 1000. మళ్ళీ ఇంకు పూసి చూస్తే ముఖమంతా సమానంగా చెరిగింది. స్ప్రింగ్ బిగువు కూడా చూసుకోవాలి. వదులైతే సిలిండర్ పైకి లేచి లీక్ అవుతుంది, మరీ బిగిస్తే రాపిడికే బలమంతా పోతుంది. ఆ సాయంత్రం సైకిల్ పంపుతోనే తిరిగింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

లోకోమోటివ్‌లోకి వచ్చాక బాయిలర్ ముట్టుకోకముందే ఛాసిస్‌ను (ఫ్రేములు, చక్రాలు, సిలిండర్లు కలిసిన భాగం) గాలితో తిప్పి చూడండి. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది చక్రాల క్వార్టరింగ్. ఎడమ వైపు క్రాంక్ పిన్నుకూ కుడి వైపు పిన్నుకూ 90 డిగ్రీల తేడా పెడతారు. ఒక పిస్టన్ చివరికొచ్చి తోయలేని చోట రెండోది తోస్తుంది, అందుకే ఇంజిన్ ఎక్కడ ఆగినా మళ్ళీ కదులుతుంది. నా ఛాసిస్‌కు కప్లింగ్ రాడ్లు (ఒక వైపు చక్రాలన్నిటినీ కలిపే కడ్డీలు) తగిలించాక ప్రతి చుట్టులో ఒకే చోట పట్టేసేది. రాడ్ రంధ్రాన్ని కొంచెం పెద్దది చేశాను. పట్టేయడం పోయింది, బదులుగా టకటకమని కొట్టుకోవడం మొదలైంది. యాక్సిళ్ళు విప్పి డయల్ ఇండికేటర్‌తో (చిన్న తేడాలు కొలిచే ముల్లు సాధనం) చూస్తే మధ్య యాక్సిల్ ఒక డిగ్రీ తేడాగా ఉంది. క్రాంక్ పిన్ను కేంద్రం నుంచి 20 మి.మీ. దూరంలో ఉంటే, ఒక డిగ్రీ అంటే 0.35 మి.మీ. అది చాలు పట్టేయడానికి. కోణం ఖచ్చితంగా 90 ఉండాలనేం లేదు, 89 అయినా ఇంజిన్ నడుస్తుంది. కానీ అన్ని యాక్సిళ్ళకూ అదే కోణం ఉండాలి. ఒక జిగ్ (భాగాలను ఒకే కోణంలో పట్టి ఉంచే చట్రం) చేసుకుని, రిటైనింగ్ కాంపౌండ్ (లోహ భాగాలను అతికే జిగురు) పూసి, అన్నిటినీ ఆ ఒక్క జిగ్‌లోనే అమర్చండి. రాడ్లు నేను మళ్ళీ కొత్తగా చేయాల్సి వచ్చింది.

ఆవిరితో నడిపేటప్పుడు డ్రెయిన్ కాక్‌లు (సిలిండర్‌లోని నీటిని బయటికి వదిలే చిన్న కుళాయిలు) తెరిచే మొదలుపెట్టండి. కొలతలు 12వ వంతుకు తగ్గితే ఉపరితలం 144వ వంతు, ఘనపరిమాణం 1728వ వంతు అవుతాయి. అంటే ఆవిరి పరిమాణంతో పోల్చితే దానికి తగిలే లోహం పెద్ద ఇంజిన్‌లో కన్నా 12 రెట్లు ఎక్కువ. చల్లటి సిలిండర్‌లో ఆవిరి వెంటనే నీరైపోతుంది. నీరు నొక్కుకోదు, పిస్టన్ దాన్ని గుద్దితే రాడ్ వంగుతుంది.

బాయిలర్ విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను, మొదటిది ఒంటరిగా చేయకండి. అనుభవం ఉన్నవాళ్ళ పక్కన నిలబడి చేయండి, లేదా పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చినది కొనండి. మామూలు టంకం అసలు వద్దు. 80 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) దగ్గర ఆవిరి దాదాపు 162 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, మామూలు టంకం 183 దగ్గర కరగడం మొదలవుతుంది. నీటిమట్టం కాస్త తగ్గిందంటే అతుకు ఊడిపోతుంది. 600 డిగ్రీలు దాటాక కరిగే సిల్వర్ సోల్డరే వాడాలి. కొత్త బాయిలర్‌ను పని చేసే పీడనానికి రెట్టింపు పీడనంతో, చల్లటి నీటితో పరీక్షిస్తారు. నీటిలో గాలిలా శక్తి నిలవ ఉండదు, అతుకు విడిచినా నీరు చిమ్మి ఆగిపోతుంది. గాలితో ఈ పరీక్ష ఎప్పుడూ చేయకండి.

డ్రాయింగ్‌లో ఫైర్ ట్యూబులు (బాయిలర్‌లో వేడి వాయువులు పోయే గొట్టాలు) తక్కువగా, లావుగా కనిపిస్తే తప్పనుకోకండి. ట్యూబులను కూడా అదే నిష్పత్తిలో సన్నం చేస్తే వేడి వాయువులు సరిగా పారవు, మసి పట్టి మూసుకుపోతాయి.

మీ లేత్‌లో బెడ్‌కు తగలకుండా ఎంత వ్యాసం తిరుగుతుందో కొలిచి, డ్రాయింగ్‌లో డ్రైవింగ్ చక్రం వ్యాసం ఎంతో కూడా రాయండి. చక్రం పట్టకపోతే 3½ అంగుళాల గేజి డ్రాయింగ్‌కు మారడం మేలు.