జీతం చీటీ చదువుకుని ఓటుకు వెళ్ళు

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసి వచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషమయింది. నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. ఓటు ఎవరికి వేయాలన్నది ఒకటి. ఇంత పన్ను కడుతున్నాం కదా, అదంతా ఎవరి పాలవుతోందన్నది రెండోది. మొదటిదానికి నేను పేరు చెప్పను. చదువుకున్నదానివి, నీ ఓటు నీది. రెండోదానికి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. అది వింటే మొదటిది నీకే తేలుతుంది.

ఈ దేశంలో నా ఉద్యోగమంతా ఒక ఆసుపత్రి పేరోల్ విభాగంలోనే గడిచింది. డాక్టర్లకు, నర్సులకు, వంటవాళ్ళకు, నేల తుడిచేవాళ్ళకు జీతాలు లెక్కకట్టడం నా పని. గుండె ఆపరేషన్ చేసే డాక్టరు జీతమూ, ఆ గది కడిగే మనిషి జీతమూ ఒకే తెర మీద కనిపించేవి. అందుకే అమెరికాలో న్యాయం గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే, ఈయన ఎప్పుడైనా ఇంకొకరి జీతం చీటీ చూశాడా అనిపిస్తుంది. నువ్వు ముందు నీది చూడు.

ఈసారి జీతం పడగానే చివరి అంకె చూసి మూసేయకు. పైనుంచి కిందిదాకా చదువు. ముసలితనపు పెన్షన్ పథకమైన సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌కు 1.45 శాతం పోతుంది. నీ యజమాని కూడా అంతే కడతాడు. మా నాన్నగారికి పెన్షన్ లేదు, పొలం అమ్ముకుని బతికారు. ఇక్కడ ఇవాళ నా ఇల్లు గడుస్తున్నది ఆ వరస పుణ్యమే. సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చింది. వారానికి 40 గంటలు దాటి పనిచేస్తే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలన్న నియమం 1938 చట్టంతో వచ్చింది. ఎవరి దయాదాక్షిణ్యాల వల్లా రాలేదవి. కర్మాగారాల దగ్గర సమ్మెలు చేసి, దెబ్బలు తిని, ప్రాణాలు పోగొట్టుకుని కార్మికులు తెచ్చుకున్నారు. అయినా మొదట్లో ఆ రెండు చట్టాలూ పొలం పనివాళ్ళనూ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళనూ వదిలేశాయి. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పనులు చేసి బతికిన వాళ్ళలో నల్లజాతివాళ్ళే ఎక్కువ. ఈ దేశం మంచి చట్టం చేసినప్పుడు కూడా ఎవరిని బయట నిలబెట్టిందో చూడటం అలవాటు చేసుకో.

అదే వరసలో ఇంకో సంగతి ఉంది. సోషల్ సెక్యూరిటీ కోతకు ఏటా ఒక పరిమితి ఉంటుంది. 2025లో అది 1,76,100 డాలర్లు. దాని పైన సంపాదించినదాని మీద ఆ కోత ఉండదు. మా ఆసుపత్రిలో కొందరు డాక్టర్ల చీటీల్లో వేసవి దాటకముందే ఆ వరస సున్నా అయ్యేది. నేల తుడిచే ఆమెకు డిసెంబరు 31 దాకా ప్రతి డాలరు మీదా పడేది. డాక్టరు చెడ్డవాడని నేను అనడం లేదు. ఆ గీత అక్కడ గీసింది శాసనసభ్యులు, వాళ్ళను పంపింది ఓటర్లు. ఇప్పుడు నువ్వూ ఓటరువే.

ఆ నేల తుడిచే ఆమె గురించి కొంచెం చెప్పాలి. ఒక శుక్రవారం చీటీ పట్టుకుని మా కిటికీ దగ్గరికి వచ్చింది. రోజూ అర్ధగంట భోజన విరామం కింద యంత్రమే కోసేస్తోంది, మనిషి నిజంగా తిన్నా తినకపోయినా. ఆ వారం పై అంతస్తులో ఇద్దరు రాలేదు. ఈమె ఐదు రోజులూ బండి పక్కన నిలబడే రొట్టె తింది. అంటే రెండున్నర గంటల కూలి పోయింది. అప్పటికే 40 గంటలు నిండాయి కాబట్టి పోయింది ఒకటిన్నర రెట్ల కూలి. తన గంటలు చిన్న నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకుంది, వార్డు నర్సు చేత సంతకం కూడా పెట్టించుకుంది. ఆ పుస్తకం లేకపోతే ఆమె మాట ఎవరూ వినేవారు కాదు. పై వారం చీటీలో ఆ డబ్బు వచ్చింది. గంటల లెక్క మీద బతికే ప్రతి మనిషికీ అలాంటి పుస్తకం ఒకటి ఉండాలి. మీ ఇంటికి వచ్చే విద్యార్థులకు, ముఖ్యంగా హోటళ్ళలో, దుకాణాల్లో పనిచేసే పిల్లలకు ఈ మాట తప్పక చెప్పు.

నీ జీతం ఎంతో నీ తోటివాళ్ళకు చెప్పవచ్చు, వాళ్ళది నువ్వు అడగవచ్చు. జీతాల ఊసు ఎత్తకూడదని కంపెనీ రాసిచ్చినా, మామూలు ఉద్యోగుల విషయంలో ఆ రాత చెల్లదు. 1935 నాటి కార్మిక సంబంధాల చట్టం ఆ హక్కు ఇచ్చింది. మనవాళ్ళు దీన్ని మర్యాదకు సంబంధించిన విషయంగా చూసి నోరు మూసుకుంటారు. అలబామాలో గుడ్‌ఇయర్ టైర్ల కర్మాగారంలో లిల్లీ లెడ్‌బెటర్ అనే సూపర్‌వైజరు దాదాపు 19 ఏళ్ళు పనిచేసింది. పేరు లేని చీటీ ఒకటి తన చేతికి వచ్చేదాకా అసలు సంగతి ఆమెకు తెలియదు. ఆమెకు నెలకు 3,727 డాలర్లు. అదే పని చేసే మగవాళ్ళలో అందరికన్నా తక్కువ వచ్చేవాడికి 4,286 డాలర్లు. కోర్టుకు వెళ్ళి జ్యూరీ ముందు గెలిచింది. 2007లో సుప్రీంకోర్టు, ఆలస్యంగా వచ్చావంటూ 5–4తో ఆ తీర్పు కొట్టేసింది. తనకు తెలియనిదాని మీద ముందే ఎలా ఫిర్యాదు చేస్తుంది చెప్పు! 2009లో ఆమె పేరు మీద చట్టం వచ్చింది, ఒబామా సంతకం చేసిన మొదటి చట్టం అది. ఆమెకు మాత్రం పాత బాకీ ఒక్క డాలరూ రాలేదు. నువ్వు ఆడపిల్లవి, రంగు తక్కువదానివి, యాసతో మాట్లాడేదానివి. అడిగి తెలుసుకో.

ఇక మనవాళ్ళు మనవాళ్ళకే చేసే అన్యాయం. దీని గురించి మన సభల్లో ఎవరూ నోరు విప్పరు, నాకు అదే బాధ. హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద వచ్చిన కుర్రాడిని ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఆపేసే కన్సల్టెన్సీలు ఉన్నాయి. అది చట్టవిరుద్ధం. యజమాని వల్ల పని లేకపోతే ఒప్పుకున్న జీతం ఇచ్చి తీరాలి. వీసా దరఖాస్తుకు యజమాని కట్టవలసిన రుసుమును కుర్రాడి జీతంలో కోయడం కూడా తప్పే. ఏడాదిలోపు కార్మిక శాఖ వేతన విభాగానికి ఫిర్యాదు చేసుకోవచ్చు. మన ఊరివాడు, మన భాషవాడు అని ఊరుకోవద్దని చెప్పు. ఆ పిల్లలు సోషల్ సెక్యూరిటీ కూడా కడుతున్నారు. పదేళ్ళు నిండకముందే ఇండియా తిరిగి వెళ్ళిపోతే పెన్షన్‌కు అర్హత రాదు, ఆ సొమ్ము ఇక్కడే ఉండిపోతుంది. రెండు దేశాల మధ్య దాని మీద ఒప్పందం ఇంకా కుదరలేదు. ఎవరు ఎవరి మీద పడి తింటున్నారని వాదించేవాళ్ళు ఈ లెక్క కూడా వేయాలి.

డబ్బు దాచడం గురించి నీకు కొత్తగా చెప్పేది తక్కువ. కంపెనీ 401కె అనే రిటైర్మెంటు ఖాతాలో తన వాటా ఎంతవరకు కలుపుతుందో అంతవరకైనా నువ్వు వేయి. ఆరు నెలల ఖర్చు చేతికందేచోట ఉంచు. మోంటానా తప్ప ఏ రాష్ట్రంలోనైనా కారణం చెప్పకుండా ఉద్యోగం తీసేయవచ్చు. ఉద్యోగంతోపాటు ఆరోగ్య బీమా కూడా పోతుంది. బిడ్డ పుడితే కేంద్ర చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, అదీ 50 మంది, ఆపైన ఉన్న సంస్థల్లోనే. ఇంత సంపన్న దేశంలో ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

షేర్ల మాట. జీతం మీద కేంద్రం వేసే పన్నులో అన్నిటికన్నా పై శ్రేణి 37 శాతం. ఏడాదికి మించి ఉంచుకున్న షేర్లు అమ్మి లాభం పొందితే అత్యధికం 20 శాతం, బాగా ఆదాయం ఉన్నవాళ్ళకు మరో 3.8. సోషల్ సెక్యూరిటీ కోత దాని మీద పడనే పడదు. ఒళ్ళు వంచి సంపాదించిన డాలరు కన్నా కూర్చున్నచోట పెరిగిన డాలరుకు చట్టం ఎక్కువ మర్యాద చేస్తుంది. నువ్వు షేర్లు కొను, తప్పులేదు, నేనూ కొన్నాను. అయితే రేపు షేర్ల వల్ల పచ్చగా ఉన్నప్పుడు, ఇదంతా నా కష్టం అనే మాట నీ నోట రాకూడదు.

ఇల్లు కొంటున్నామని రాశావు. పదికి పది మార్కులున్న బడి కోసం చూస్తున్నారని కూడా. అందరం చేసిందే. 1930లలో ప్రభుత్వ సంస్థే ఊళ్ళ పటాలు గీయించి, నల్లజాతివాళ్ళు ఉండే వీధులకు ఎర్ర రంగు పూయించింది. అక్కడ ఇంటి అప్పు పుట్టడం గగనమయింది. ఇల్లు లేనివాడి పిల్లలకు చదువుకు తాకట్టు పెట్టేందుకు ఏమీ లేదు. ఇక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. ఆ తేడా సోమరితనంతో వచ్చిందని మన విందుల్లో ఎవరైనా అంటే, ఆ పటాల సంగతి చెప్పు.

ఇల్లు అమ్మేవాడు నీ రంగు చూసి కాదనకూడదనే చట్టం ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1968 ఏప్రిల్ 11. దానికి వారం ముందు మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. ఆయన అక్కడికి వెళ్ళింది చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకు తోడుగా. ఫిబ్రవరిలో వాన కురుస్తుంటే తలదాచుకోవడానికి ఇద్దరు కార్మికులు చెత్త లారీ వెనక తొట్టిలోకి ఎక్కారు. యంత్రం కదిలి నలిగి చనిపోయారు. 1,300 మంది పని ఆపేసి ‘నేను మనిషిని’ అని రాసిన అట్టలు పట్టుకుని వీధిలో నడిచారు. వాళ్ళు అడిగింది సంఘం పెట్టుకునే హక్కు, కాస్త కూలి. నువ్వు నచ్చిన వీధిలో ఇల్లు చూసుకోగలగడం వెనక వాళ్ళు ఉన్నారు.

మన రాక కూడా అంతే. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే వలసదారు కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. 1946లో తలుపు కొంచెం తెరిచారు, ఏటా వంద మందికి. 1965 ఆగస్టులో నల్లజాతివాళ్ళ ఓటుహక్కు చట్టం, అక్టోబరులో మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ దారి తీసిన వలస చట్టం వచ్చాయి. ఒకే ఏడాది, ఒకే గాలి. ఆ తరువాత విమానం దిగిన మనం తలుపు తీసినవాళ్ళను మరిచిపోయి, వెనక వచ్చేవాళ్ళకు అదే తలుపు వేసేయమని అడిగితే నాకు మనసు రగిలిపోతుంది.

ఓటు దగ్గరికి వస్తాను. అధ్యక్షుడి పేరు మీదే అందరి కళ్ళూ ఉంటాయి. మన ఒహాయో రాష్ట్రంలో నీ బతుకును తాకేవి కిందనే ఎక్కడో ఉంటాయి. కేంద్రం కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఒహాయోలో 2025లో అది 10.70. కారణం, 2006లో ఓటర్లే రాజ్యాంగ సవరణ చేసి, ధరలతోపాటు కూలి పెరగాలని రాసుకున్నారు. టిప్పుల మీద బతికే వెయిట్రెస్‌కు యజమాని ఇవ్వవలసిన కేంద్రం కనీస కూలి ఇప్పటికీ 2.13 డాలర్లే, 1991 నాటిది. హోటల్లో టిప్పు దగ్గర బేరమాడే మనవాళ్ళకు ఇది చెప్పి చూడు.

బడుల సంగతి కూడా అంతే. ఇంటి పన్ను మీద ఇంతగా ఆధారపడి బడులు నడపడం రాజ్యాంగానికి విరుద్ధమని ఒహాయో సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. ఆ తీర్పు కాగితం మీదే మిగిలింది. కలిగిన ఊరి బడిలో ఈతకొలను ఉంటుంది, పక్క ఊరి బడిలో పైకప్పు కారుతుంది. నీ ఊరి బడి పన్ను ఓటుకు వచ్చినప్పుడు, మా పిల్లలు చదివేశారు కదా అని ‘వద్దు’ అనేవాళ్ళలో కలవకు. రాష్ట్ర శాసనసభకు నిలబడినవాళ్ళను పక్క ఊరి బడి గురించి కూడా అడుగు.

కొన్ని జాగ్రత్తలు. ఎన్నికకు 30 రోజుల ముందే ఓటరుగా నమోదు కావాలి. గ్రీన్ కార్డు నాటి నీ డ్రైవింగ్ లైసెన్సు మార్చించుకో, ఇక్కడ పౌరులు కానివాళ్ళ లైసెన్సు మీద ఆ గుర్తు వేస్తున్నారు. అల్లుడుగారికి ఇంకా పౌరసత్వం రాలేదు కదా. లైసెన్సు కార్యాలయంలో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడగవచ్చు. పొరపాటున కూడా ఔననవద్దని, సంతకం పెట్టే ముందు ప్రతి గడీ చదవమని చెప్పు. రేపు ఆయన పౌరసత్వ దరఖాస్తులో ఆ ప్రశ్న ఉంటుంది.

మీ కౌంటీ ఎన్నికల బోర్డు నమూనా బ్యాలెట్ ముందుగానే పెడుతుంది. అది రాగానే ఆదివారం ఫోను చేయి. కింది వరసలు, బడి బోర్డు, పన్ను ప్రతిపాదనలు అన్నీ కలిసి చదువుదాం. నీ జీతం చీటీ కూడా పక్కన పెట్టుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ